యంత్రజనిత చిత్రములు: కొలమానముల చరిత్ర

మాటను చదివి బొమ్మ గీయు యంత్రములు లోకమునకు వచ్చి కొలది యేండ్లే అయినది. ఓపెన్ ఏఐ సంస్థ డాల్-ఇ యను యంత్రమును 2021 జనవరిలో ప్రకటించినది. మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ అనునవి 2022 ఆగస్టు ముగియునాటికి జనసామాన్యమునకు అందినవి. ఇంత స్వల్పకాలములోనే గ్రంథప్రకాశకులును, పత్రికాసంపాదకులును, పాఠ్యపుస్తకముల కూర్పరులును వీనిని వాడవలెనా, వలదా యని నిర్ణయింపవలసి వచ్చినది. నిర్ణయమునకు ముందు పరీక్ష యుండవలెను. పరీక్షకు కొలమానము వలయును. నేడు వాడుకలోనున్న కొలమానములను ఎవరు, ఎప్పుడు, ఏ ప్రయోజనము కొఱకు కల్పించిరో విచారించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము. యంత్రనిర్మాణ రహస్యములు మాకు ప్రస్తుతములు కావు. కొలమానములు బోధపడుటకు ఎంత వలయునో అంతే చెప్పెదము.

యంత్రము గీసిన బొమ్మకు విలువ కట్టుట ఎట్లను ప్రశ్న ఈ యంత్రములతో పుట్టినది కాదు. 1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరమున డాగేర్ కనుగొనిన ఛాయాచిత్రణవిధానము బహిరంగముగా వెల్లడింపబడినది. అటుపై ఇరువది యేండ్లకు, 1859 నాటి చిత్రప్రదర్శనమును సమీక్షించుచు బోదలేర్ కవి, ఛాయాచిత్రణము శాస్త్రములకును కళలకును దాసిగా నుండవలెనే కాని వాని స్థానమును ఆక్రమింపరాదని వాదించెను. ఆ వాదమున ఈసడింపు హెచ్చు, పరీక్ష తక్కువ. కవులు యంత్రములను గూర్చి వ్రాసినపుడు తఱచుగా ఇట్లే జరుగును.

అమెరికా సుప్రీంకోర్టు 1884లో ఇచ్చిన తీర్పు మనకు ఇంతకంటె ఉపయోగకరమైనది. నెపోలియన్ సరోనీ యను ఛాయాచిత్రకారుడు న్యూయార్కు నగరమున ఆస్కార్ వైల్డు చిత్రమును తీసెను. బర్రో-గైల్స్ అను శిలాముద్రణసంస్థ అనుమతి లేకయే దానికి 85,000 ప్రతులు వేసినది. ఛాయాచిత్రము యంత్రము చేసిన పని గదా, దీనికి కర్త యెవడని ఆ సంస్థవారి వాదము. న్యాయమూర్తులు యంత్రమును గూర్చి అట్టే మాటలాడలేదు. వైల్డును కూర్చుండబెట్టినది యెవరు, దుస్తులను తెరలను ఎంచి అమర్చినది యెవరు, వెలుగునీడలను కుదిర్చినది యెవరు, ముఖమున ఆ భావమును రప్పించినది యెవరు అని వారు ప్రశ్నించుకొనిరి. అన్నిటికిని సమాధానము సరోనీయే యగుటచే చిత్రము అతని కృతి యని తీర్మానించిరి. కేవలము యాంత్రికముగా తీసిన చిత్రముల సంగతిని మాత్రము వారు తేల్పక విడిచిరి. కృతిలో మనుష్యుని నిర్ణయములు ఎచ్చట కానవచ్చుచున్నవి యను ఈ కొలమానమునకు మించినది తరువాతి 140 ఏండ్లలో ఏర్పడలేదని మా అభిప్రాయము. అది మధ్యకాలమున మఱుగుపడి, మరల న్యాయస్థానముల మూలముననే వెలికి వచ్చినది.

ఆ మధ్యకాలమున హెరాల్డ్ కోహెన్ అను నొక చిత్రకారుడు కలడు. ఈయన 1928లో జన్మించెను. 1966 నాటి వెనిస్ ప్రదర్శనమున బ్రిటన్ పక్షమున చిత్రములు ప్రదర్శించిన ప్రసిద్ధుడు. 1968లో కాలిఫోర్నియాకు పోయి కంప్యూటరు విద్య నేర్చి, 1970ల ఆరంభమున ఆరన్ అను ప్రోగ్రామును నిర్మింప మొదలిడెను. 2016లో మరణించువఱకు దానిని మార్చుచునే యుండెను. ఆరన్‌కు ఇతరుల బొమ్మలు చూపలేదు. మూసిన ఆకృతి యననేమి, లోపల యననేమి, వెలుపల యననేమి యను సూత్రములను కోహెన్ స్వయముగా వ్రాసి యిచ్చెను. తొలినాళ్ళలో యంత్రము గీత గీయగా ఈయన చేతితో రంగు వేసెడివాడు. సరోనీ తీర్పులోని ప్రశ్నలను ఆరన్‌ను గూర్చి అడిగినచో ప్రతిదానికిని సమాధానము దొరకును: ప్రతి గీతకు వెనుక ఒక సూత్రము, ప్రతి సూత్రమునకు వెనుక కోహెన్. వ్యాకరణము వ్రాసినవాడే ఆ వ్యాకరణమునకు లోబడి కావ్యము వ్రాయించినట్లున్నది.

2014లో ఇయాన్ గుడ్‌ఫెలో ప్రభృతులు ప్రకటించిన క్రొత్త పద్ధతితో ఈ సంబంధము తెగినది. ఆ పద్ధతిలో సూత్రములు ఎవరును వ్రాయరు. వేలకొలది, లక్షలకొలది చిత్రములను చూచి యంత్రమే అలవరచుకొనును. అప్పుడు శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు వచ్చినది. ఒక యంత్రము వేఱొకదానికంటె మేలని చెప్పుట ఎట్లు? లక్షల బొమ్మలను మనుష్యులు చూడజాలరు. అందుచే చూచుటకును యంత్రమునే నియమించిరి.

2016లో వచ్చిన ఇన్సెప్షన్ స్కోరు ఈ జాతిలో మొదటిది. ఛాయాచిత్రములను 1,000 వర్గములుగా విభజించుట నేర్చిన ఒక యంత్రమునకు క్రొత్త బొమ్మలను చూపుదురు. ఆ యంత్రము ప్రతి బొమ్మను సందేహము లేక ఏదో ఒక వర్గమున చేర్చగలిగి, మొత్తము మీద పలువర్గములు వచ్చినచో బొమ్మలు మంచివని లెక్క. ఆ వేయి వర్గములను చూచినవారికి ఈ పరీక్ష స్వభావము తెలియును. వానిలో శునకజాతులే సుమారు 120. మనుష్యునకు ప్రత్యేకవర్గము లేదు. పెండ్లికుమారుడు కలడు, పెండ్లికూతురు లేదు. ఇట్టి పరీక్షకుని యొద్ద ఉత్తీర్ణమైన యంత్రము ఒక కథకు బొమ్మ గీయగలదో లేదో ఎవరు చెప్పగలరు?

2017 నాటి ఫ్రెషే దూరము అను కొలత దీనికంటె మెరుగైనది. అది నిజమైన ఛాయాచిత్రముల సమూహమును, యంత్రజనితచిత్రముల సమూహమును తీసికొని, వాని లక్షణముల సగటులును వైవిధ్యమును ఎంత దూరమున నున్నవో గణించును. దూరము తగ్గినకొలది యంత్రము మేలైనది. ఈ కొలత సమూహమునకే గాని ఒక్క చిత్రమునకు వర్తింపదు. చిత్రకారుడు సంపాదకునకు ఇచ్చునది ఒక్క చిత్రమే. పైగా, మనుష్యులు ఎక్కువ సహజములని ఎంచిన చిత్రములను ఈ కొలత తగిన రీతిని గుర్తింపలేదని 2023లో వెలువడిన పరిశోధన ఒకటి చూపినది.

మాటకును బొమ్మకును పొందిక కలదా యని చూచుటకు 2021లో మఱియొక కొలత వచ్చినది. దానికి ఆధారమైన క్లిప్ అను యంత్రము 40 కోట్ల చిత్రవాక్యముల జంటలపై శిక్షణ పొందినది. దీని లోపము తెలుగు వ్యాకరణము చదివినవారికి సులభముగా బోధపడును. బల్బును చుట్టిన మొక్కలకును, మొక్కలను చుట్టిన బల్బునకును భేదమును గుర్తింపుమని 2022లో ఇట్టి యంత్రములను 400 ఉదాహరణములతో పరీక్షించిరి. కాకతాళీయముగా చెప్పినదానికంటె మిక్కిలి మేలుగా ఏ యంత్రమును చెప్పలేకపోయినది. మాటలను ఎఱుగును, కారకములను ఎఱుగదు. అట్టిది వాక్యమునకు బొమ్మ సరిపోయినదని చెప్పినచో ఆ సాక్ష్యమును ఎంతవఱకు నమ్మవచ్చును?

ఈ కొలతలు వ్యర్థములని మేము అనుటలేదు. ఒక ప్రయోగశాలవారు నిరుటి యంత్రమును నేటి యంత్రముతో పోల్చుటకు ఇవి కల్పింపబడినవి. ఆ పనికి పనికివచ్చును. యంత్రమును యంత్రముతో పోల్చు కొలతను తెచ్చి యంత్రమును వృత్తిచిత్రకారునితో పోల్చుటకు వాడుటలోనే దోషమున్నది. నేటి ప్రకటనలలో ఈ దోషము విరివిగా కానవచ్చును.

విపణివీథి కొలమానమును గూర్చి రెండు మాటలు చాలును. 2018 అక్టోబరులో న్యూయార్కులో క్రిస్టీస్ సంస్థవారు ఎడ్మండ్ ద బెలమీ యను యంత్రజనిత చిత్రమును వేలము వేసిరి. 7,000 మొదలు 10,000 డాలర్ల వఱకు రాగలదని అంచనా. వచ్చినది 4,32,500 డాలర్లు. చిత్రకారుని సంతకముండవలసిన చోట ఒక గణితసూత్రమును ముద్రించిరి. సంతకము ఎవరిది కావలెనో తెలియనందుననే అట్లు చేసిరని మాకు తోచుచున్నది.

2022లో కొలరాడో రాష్ట్రపు సంతలో జేసన్ ఆలెన్ అనునతడు మిడ్‌జర్నీతో పుట్టించిన చిత్రమునకు 300 డాలర్ల బహుమానము వచ్చినది. తాను 624 మారులైనను సూచనావాక్యములను మార్చి మార్చి ఇచ్చితినని ఇతడు చెప్పెను. ఇట్టి వాక్యములను ప్రాంప్టులందురు. యంత్రము పుట్టించిన భాగముపై హక్కును విడువనన్నందున 2023 సెప్టెంబరులో అమెరికా కాపీరైటు కార్యాలయము ఆ చిత్రమునకు రిజిస్ట్రేషను నిరాకరించినది. అదే సంవత్సరము ఫిబ్రవరిలో జార్యా ఆఫ్ ద డాన్ అను చిత్రకథాపుస్తకము విషయమున, కథయును కూర్పును రచయిత్రివే, విడిబొమ్మలు మాత్రము ఆమెవి కావని ఆ కార్యాలయమే తేల్చియుండెను. ఎన్ని మారులు అడిగినను అడుగుట చేయుట కాదని దీని భావము. 2025 జనవరి నాటి నివేదికలో ప్రాంప్టు ఒక్కటియే చాలదని స్పష్టముగా వ్రాసిరి.

అమెరికావారికి ఇది క్రొత్త మీమాంస గావచ్చును గాని తెలుగువారికి మాత్రము కాదు. 11వ శతాబ్దిలో రాజరాజనరేంద్రుడు భారతమును తెనిగింపుమని నన్నయను కోరెను. ఏ గ్రంథము కావలెనో రాజే చెప్పెను. ఏల కావలెనో చెప్పెను. అంతకంటె చక్కని సూచనావాక్యము దొరకదు. ఐనను రాజును భారతకర్త యని మన సాహిత్యచరిత్రకారులు ఎవరును వ్రాయలేదు. అతడు కృతిపతి, నన్నయ కృతికర్త. చేయు ధాతువునకును చేయించు రూపమునకును గల భేదమును మన భాష ఒక్క ప్రత్యయముతో నిలుపుకొన్నది.

అట్లని యంత్రమును వాడినవాడు ఎన్నడును కర్త కాజాలడనుట తొందరపాటు. 2023 ఫిబ్రవరిలో వెలువడిన కంట్రోల్‌నెట్ అను పద్ధతితో చిత్రకారుడు తన రేఖాచిత్రమును ఇచ్చి, ఆ గీతల ననుసరించియే యంత్రముచే రంగులు నింపించుకొనవచ్చును. బొమ్మలో ఒక్క చేతిని మాత్రము ఎంచి దానినే తిరిగి గీయించు వసతియు కలదు. ఇట్లు 30కి పైగా భాగములను ఒక్కొక్కటిగా ఎంచి మార్చి కూర్చిన ఒక చిత్రమును, ఆ ఎంపికయు కూర్పును మనుష్యకృతములను ఆధారముతో, 2025 జనవరిలో అమెరికా కార్యాలయము నమోదు చేసినది. అడిగి ఏరుకొనిన ఆలెన్‌కు దొరకనిది, చోటు చోటున దిద్దినవానికి దొరికినది. సరోనీ కొలమానము ఇచ్చట మరల కనబడుచున్నది. వృత్తిలో వాడదలచినవాడు ఏ యంత్రమునైనను అడుగవలసిన మొదటి ప్రశ్న, బొమ్మ ఎంత అందముగా నున్నదని కాదు. సంపాదకుడు ఎడమచేతిని మార్చుమన్నప్పుడు ముఖము మాఱక ఎడమచేయి మాత్రమే మాఱునా యని.

రెండవ ప్రశ్న మూలమును గూర్చినది. 2022లో ప్రకటింపబడిన లయాన్ సంకలనమున 585 కోట్ల చిత్రవాక్యముల జంటల చిరునామాలున్నవి. స్టేబుల్ డిఫ్యూజన్ శిక్షణ ఇట్టి సామగ్రితో జరిగినది. ఆ బొమ్మలను గీసినవారిని ఎవరును అడుగలేదు. గ్రెగ్ రుట్కోవ్‌స్కీ యను పోలండు చిత్రకారుని పేరును సూచనావాక్యములలో చేర్చి ఆయన శైలిని రప్పించుకొనుట 2022లో విపరీతముగా వ్యాపించినది. చిత్రకారుని పేరే ఒక విశేషణమైపోయినది. 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు దావా వేసిరి. గెటీ ఇమేజెస్ సంస్థవారు లండనులో వేసిన వ్యాజ్యమున 2025 నవంబరులో తీర్పు వచ్చినది. కాపీరైటు వాదము చాలభాగము వీగిపోయినది. శిక్షణ బ్రిటనులో జరిగినట్లు సాక్ష్యము లేనందున ఆ భాగమును గెటీవారే విచారణమధ్యమున విడిచిరి. ఐనను యంత్రము పుట్టించిన కొన్ని బొమ్మలపై గెటీ వ్యాపారచిహ్నపు ఛాయ తేలినదని, ఆమేరకు అపరాధము కలదని న్యాయమూర్తి అంగీకరించెను. దొంగిలించిన కడవపై పేరు చెక్కియున్నట్లు ఆ చిహ్నమే సాక్ష్యమైనది.

తెలుగు గ్రంథములకు బొమ్మలు కావలసినవారు వేఱుగా పరీక్షింపవలసినవి కొన్ని కలవు. స్టేబుల్ డిఫ్యూజన్ తొలిరూపము వాక్యమును 77 తునకల వఱకే చదువును. ఆంగ్లపదములకు అనుగుణముగా ఏర్పడిన ఆ తునకలలో తెలుగు మాట పొడిపొడియై, కొన్ని మాటలకే పరిమితి నిండును. బొమ్మలో అక్షరములు వ్రాయించుట ఇంకను కష్టము. గుణింతపు గుర్తు పైన, ఒత్తు క్రింద, రెండును ఒకే హల్లునకు అంటియుండు లిపిలో, అక్షరమువలె తోచి అక్షరము కాని వంకరలు వచ్చినచో తెలుగెఱుగని పరీక్షకుడు పట్టుకొనలేడు. తరువాతి యంత్రములు ఆంగ్లాక్షరములలో చాల మెరుగైనవి. మన లిపి విషయమున ఒక్కొక్కదానిని మనమే పరీక్షించుకొనవలెను. తాళపత్రమును ఎడమచేత పట్టి గంటముతో వ్రాయు లేఖకుని గీయుమని అడిగిన చాలును. గంటము కలమైనదో కాదో, పత్రము కాగితమైనదో కాదో చూచిన యంత్రమునకు మన వస్తుజ్ఞానము ఎంతయో తెలియును. ఒకే పాత్ర పుట పుటకు మాఱకుండుట మఱియొక పరీక్ష. చందమామలో శంకర్ అను పేర బొమ్మలు గీసిన కె. సి. శివశంకరన్ (1924–2020) భుజమున శవమును, చేత కత్తిని ధరించిన విక్రమార్కుని ఏండ్ల తరబడి చూపెను. బాలురు ఆ రాజును చూడగానే గుర్తించిరి.

మన చట్టము సంగతి మిగిలినది. 1957 నాటి భారత కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ ప్రకారము, కంప్యూటరు మూలమున జనించిన కృతికి, దానిని జనింపజేసిన వ్యక్తియే కర్త. అనగా చేయించినవాడే చేసినవాడు. ఆ వాక్యము వ్రాయునాటికి ఈ యంత్రములు లేవు. 2020లో సూర్యాస్త్ అను చిత్రమునకు ఒక మనుష్యుని, ఒక ప్రోగ్రామును సహకర్తలుగా మన కాపీరైటు కార్యాలయము నమోదు చేసి, పిమ్మట ఉపసంహరణకు నోటీసు ఇచ్చినది. జనింపజేయుట యనగా ప్రాంప్టు వ్రాయుటయా, భాగభాగమును దిద్దుటయా, యంత్రమును నిర్మించుటయా యను విషయమును ఆ సవరణ చెప్పదు. కావున బొమ్మలు స్వీకరించు ప్రకాశకులు తుదిబొమ్మతో పాటు రేఖాచిత్రమును, సూచనావాక్యములను, దిద్దుబాటు ప్రతులను తేదీలతో అడిగి పుచ్చుకొనుట మేలు. చిత్రకారుని నిర్ణయములు ఎచ్చట నున్నవను ప్రశ్న వచ్చినపుడు చూపవలసినవి ఆ ప్రతులే.