వంగని మోకాలు

నాటి నల్లగొండ, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఆలేరు ప్రాంతములో మోకాలు ఆడనిదే బ్రతుకు సాగదు. గీత కార్మికుడు మోకు కట్టుకొని తాటిచెట్టు ఎక్కవలెనన్నా, నేతగాడు గుంట మగ్గములోనికి కాళ్లు దించి తొక్కవలెనన్నా, రైతు కలుపు తీయవలెనన్నా మోకాలు వంగవలె. అటువంటి చోట ఒక వైద్యుడు, “నీ నొప్పి పోగొట్టెదను, కాని ఈ మోకాలు ఇక ఎన్నటికీ వంగదు” అన్నచో రోగి ఏమని బదులు చెప్పవలె? మోకాటి కీలును అతికించు శస్త్రచికిత్స చరిత్ర అంతయు ఈ ప్రశ్న చుట్టూ తిరిగినదే.

క్షయ అనగానే మనకు ఊపిరితిత్తులు గుర్తుకు వచ్చును. కాని ఆ క్రిమి కీళ్లలోను చేరును. మోకాలు ఉబ్బును, తొడ కండరము కరగిపోవును, ఎముకల కొనలను కప్పి ఉంచు మృదులాస్థి నశించును. రాత్రి నిద్రలో కండరములు సడలినపుడు పుండుపడిన ఎముకలు రాచుకొని పిల్లలు కేకవేసి లేచుట వైద్యులకు చిరపరిచితమైన లక్షణము. ఒకప్పుడు దీనికి తుది చికిత్స తొడ వద్ద కాలు కోసివేయుటయే.

1781లో లివర్‌పూల్ నగరమున హెన్రీ పార్క్ అను వైద్యుడు ఒక నావికుని కాలు తీసివేయక, చెడిన కీలును మాత్రమే కోసి తొలగించినాడు. మత్తుమందు లేని కాలమది. నెలల తరబడి మంచముపై ఉన్న ఆ నావికుడు తుదకు గట్టిపడిన కాలితో మరల ఓడ పనికి పోయి, తెరచాప కొయ్యలను కూడ ఎక్కగలిగినాడు. అయినను ఇట్టి అదృష్టము అందరికీ పట్టలేదు. చీము పట్టి మరణించినవారెందరో.

1846లో ఈథరు, 1847లో క్లోరోఫారము, 1867లో లిస్టరు క్రిమినాశక పద్ధతి వచ్చిన పిమ్మట శస్త్రవైద్యుని చేతికి ధైర్యము కలిగినది. ఇందులో మన హైదరాబాదుకు కూడ పాత్ర ఉన్నది. రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888, 1889 సంవత్సరములలో ఇక్కడ రెండు క్లోరోఫారము సంఘములు పరిశోధనలు జరిపినవి. ఆ మందు గుండెను నేరుగా దెబ్బతీయదని అవి చెప్పిన మాట నిజము కాదని తరువాత తేలినది. కాని మత్తు ఇచ్చునపుడు శ్వాసను కనిపెట్టి ఉండవలెనన్న హెచ్చరిక నిలిచినది. అంతకు కొద్దికాలము ముందే, 1886లో, నిజాము రైలుమార్గము సికిందరాబాదు నుండి ఆలేరు మీదుగా వరంగల్లు చేరినది. పల్లెకును పట్నపు ఆసుపత్రికిని దూరము తగ్గినది.

చెడిన కీలును తొలగించుట ఒకటి, రెండు ఎముకలను ఉద్దేశపూర్వకముగా ఒకటిగా అతికించుట మరొకటి. ఈ రెండవ పనిని 1878లో ఆస్ట్రియా వైద్యుడు ఎడ్వర్డ్ ఆల్బర్ట్, పక్షవాతముతో చచ్చుబడిన కాళ్లను నిలబెట్టుటకై చేసినాడు. 1911లో న్యూయార్కు వైద్యుడు రసెల్ హిబ్స్, మోకాటి చిప్పనే తొడ ఎముకకు, కాలి ఎముకకు నడుమ వంతెనగా అమర్చినాడు. 1932లో అమెరికాలో ఆల్బర్ట్ కీ, 1948లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ మరొక సూత్రము పట్టుకొన్నారు. ఎముకల గుండా ఉక్కు చువ్వలు దూర్చి, బయట మరలతో బిగించి, రెండు కొనలను గట్టిగా అదిమి ఉంచినచో అవి త్వరగా అతుకును. నాలుగు వారములు బిగింపు, మరి నాలుగు వారములు పిండికట్టు: చార్న్‌లీ పద్ధతిలో కాలము ఇంతకు తగ్గినది.

కాలిని కొంచెము వంపుతో అతికింతురు. కీలును కోసినందువలన కాలు ఒకింత పొట్టియగును. అదియు మేలే, నడకలో పాదము నేలకు తగులదు. అతికిన కాలిపై ఎంత బరువైనను మోయవచ్చును. కాని బాసిపట్టు వేసుకొనుట, గొంతుక కూర్చొనుట ఇక లేదు. కుర్చీల దేశమున ఇది చిన్న లోటు; నేలపై కూర్చొను మనకు పెద్ద నష్టము.

1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడినది. 1952లో ఐసోనియాజిడ్ క్షయ చికిత్సలో ప్రవేశించినది. మొదటిలోనే గుర్తించి మందులు వాడినచో మోకాలు వంగుచునే మిగులును. 1960 దశకములో పంజాగుట్టలో వెలసిన నిజాము ఆర్థోపెడిక్ ఆసుపత్రియే తరువాత నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థయైనది. కృత్రిమ కీళ్లు వచ్చిన పిమ్మట కీలును అతికించుట అరుదైనది. అయినను అమర్చిన కృత్రిమ కీలుకు చీము పట్టి, ఎంత శ్రమపడినను నయము కానపుడు కాలును కాపాడుటకు నేటికిని ఈ పాత మార్గమే కొందరికి శరణ్యము.

మరి రోగి ఏమని బదులు చెప్పవలె? వివేకవంతుడైన వైద్యుడు వెంటనే బదులు కోరడు. కత్తి పట్టకముందే మోకాలు వంగకుండ పిండికట్టు వేసి, కొన్ని దినములు అట్లే గడిపి చూడుమని ఇంటికి పంపును. రైలు దిగి ఇల్లు చేరిన నేతగాడు ఆ కాలితో మగ్గము వద్ద కూర్చొనగలడో లేదో, మరొక పని చూసుకొనవలెనో తానే తెలిసికొనును. మోకాలు అతనిది, నిర్ణయమును అతనిదే కావలె.