మట్టిలో దైవరూపం: పాలినేషియా, వెంకటగిరి – ఒక చారిత్రక పరిశీలన

పాలినేషియా దేవతల రూపాలను కాల్చిన మట్టి కూజాలపై చిత్రించే కళాకారులున్నారు. అయితే ఆ దీవుల ప్రజలు తమ దేవతలను మట్టితో చేశారా? ఈ ప్రశ్న తడ పరిసరాలలోని మన సంఘాల చరిత్రకు కూడా సంబంధించినదని మేము భావిస్తున్నాము.

1. పాలినేషియా

సుమారు 2,800 సంవత్సరాల క్రితం టోంగా చేరిన పూర్వికులకు లపీటా మట్టిపాత్రలు చేసే విద్య తెలుసు. తరువాతి కాలంలో అది అంతరించింది. 1797లో లండన్ మిషనరీ సొసైటీ వారి డఫ్ అనే ఓడ టాహితీ చేరేనాటికి అక్కడ కుమ్మరి పని లేదు. దేవతారూపాలు కొయ్య, రాయి, ఈకలు, నారబట్టలతో చేసినవే. రురుతు దీవికి చెందిన ఆఆ అనే కొయ్య ప్రతిమ లోపల బోలుగా ఉంటుంది. వీపు తలుపులా తెరుచుకుంటుంది. 1821లో క్రొత్తగా విశ్వసించిన రురుతువాసులు దానిని రయతేయా దీవిలోని మిషనరీలకు అప్పగించినప్పుడు లోపల 24 చిన్న ప్రతిమలు బయటపడ్డాయి. అది లండన్ చేరి మొదట సొసైటీ మ్యూజియంలో, తరువాత బ్రిటిష్ మ్యూజియంలో భద్రమైంది.

2. తెలుగు నేల

అదే సొసైటీ 1805లో విశాఖపట్నంలోను, 1822లో కడపలోను పని ప్రారంభించింది. ఇక్కడి గ్రామదేవతల తీరు వేరు. తడ ఉన్న తిరుపతి జిల్లాలోనే, వెంకటగిరిలో పోలేరమ్మ ప్రతిమను జాతరకు ముందు పచ్చిమట్టితో చేస్తారు. కుమ్మరి ఇల్లు ఆమెకు పుట్టిల్లు. ఊరేగింపు ముగియగానే ఆ రూపాన్ని విరూపం చేస్తారు. తిరుపతి గంగమ్మ జాతర చివర కూడా మట్టి విశ్వరూపం చెంప నరికి, ఆ మట్టిని ప్రసాదంగా పంచుతారు. అంటే మ్యూజియానికి పంపడానికి ఏమీ మిగలదు.

అందువలన మన ప్రాంతపు సాక్ష్యం వస్తువులలో కాక ఆచారంలోను, వ్రాతలలోను దొరుకుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ 1915లోను, మద్రాసు బిషప్ వైట్‌హెడ్ 1916లోను గ్రామదేవతలపై గ్రంథాలు ప్రచురించారు. వారి దృష్టి విమర్శనాత్మకమే. అయినా ఎవరు ఏ పని చేసేవారో వారు వివరంగా వ్రాశారు.

3. ముగింపు

ఆ గ్రంథాలు వర్ణించిన జాతరలలో డప్పు, బలి, మాతంగి పాత్ర ఎక్కువగా మాల మాదిగలవే. మన సంఘాలలో అనేకుల పితరులు వారే. పితరుల ఆరాధనను విడిచిపెట్టడం విశ్వాస నిర్ణయం. వారి చరిత్రను విడిచిపెట్టడం ఆ నిర్ణయంలో భాగం కాదు. రురుతువాసులు అప్పగించినది ఇంకా కంటికి కనబడుతున్నది. మనవారు విడిచినది మట్టిలో కలిసిపోయింది. కనుక సంఘ పెద్దల జ్ఞాపకాలను ఇప్పుడే వ్రాసి ఉంచడం సంఘ చరిత్రకారుల బాధ్యతయని మా అభిప్రాయము.