పగడపు జీవులకు మేత

ఉంగరాల్లో పొదిగే పగడం సముద్రజీవుల గుంపు కట్టుకున్న అస్థిపంజరం. 1720లలో ఫ్రెంచి వైద్యుడు పేసోనెల్ ఇది మొక్క కాదు, జంతువు అంటే పారిస్ పండితులు నమ్మలేదు. జంతువేనని ఒప్పుకున్నాక, మరి ఏం తిని బతుకుతుందన్న ప్రశ్న మిగిలింది.

1928-29లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో మకాం వేసిన మారిస్ యాంగ్ బృందం, పగడాలు మాంసాహారులేనని తేల్చింది. ఆ తర్వాత లెనార్డ్ మస్కటైన్ రేడియోధార్మిక కార్బన్‌తో చేసిన ప్రయోగాలు మరో సంగతి బయటపెట్టాయి. వాటి ఒంట్లో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఎండలో వండిన చక్కెరలు పగడానికీ అందుతున్నాయి. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సజీవ సముద్రపు రాళ్లతో ఇంటి తొట్టిలో పగడాలు పెంచే పద్ధతిని లోకానికి చెప్పాడు. దీపం ఉంటే మేత అక్కర్లేదన్న నమ్మకం పెంపకందార్లలో చాలాకాలం నిలిచింది. అది సగం నిజమే. వెలుగు శక్తినిస్తుంది, ఎదుగుదలకు కావలసిన నత్రజని, భాస్వరం చాలావరకు వేటలోనే దొరకాలి.

మేతలో ముఖ్యమైనది ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టి రొయ్య. 1933లో ఆల్విన్ సీల్ దీన్ని చేపపిల్లల ఆహారంగా పరిచయం చేశాడు. మన కోస్తా రొయ్యల హేచరీల్లోనూ డబ్బాల్లో వచ్చే దీని గుడ్లనే ఉప్పునీట్లో పొదిగిస్తారు. ఒక్కరోజులో నారింజ రంగు పిల్లలు ఈదుతాయి. వెలుగు మీద ఆధారపడని సన్ కోరల్‌కైతే పంపు ఆపి, పిపెట్‌తో ఒక్కో నోటికీ అందించాలి. అది టెంటకిల్స్ మెల్లగా ముడుచుకొని మింగుతుంది. మిగిలిన మేత కుళ్లితే నీరు పాడవుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు వంటి మెట్ట ఊళ్లలో పగడాలు పెంచాలంటే ఆర్వో నీటిలో సముద్రపు ఉప్పు కలుపుకోవాలి. అంతకంటే పెద్ద చిక్కు 40 డిగ్రీలు దాటే ఎండ. చిల్లర్ లేక తొట్టి నీరు వేడెక్కితే శైవలాలు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. హవాయిలో ఆండ్రియా గ్రొటోలి బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో, అలా తెల్లబడిన జాతుల్లో ఒకటి మాత్రం వేట పెంచుకొని తన శక్తి అవసరమంతా తీర్చుకుంది. మిగతావాటికి అది చేతకాలేదు.

2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరడంతో మన దేశంలో దిబ్బలు కట్టే రాతిపగడాలనూ సీ ఫ్యాన్‌లనూ పట్టడం, అమ్మడం నేరం. సన్ కోరల్ కూడా ఈ రాతిపగడాల కోవలోదే. జోయాంథిడ్‌లు, రాతి అస్థిపంజరం లేని మెత్తని మష్రూమ్ పగడాలు ఆ జాబితాలో లేవు. వాటికి ప్రధానంగా వెలుగే ఆధారం, అప్పుడప్పుడు కాసిని ఆర్టీమియా చాలు.