రాయపురంలో దిగినవాళ్ళు

కడప, రాజంపేటల వైపునుంచి మదరాసు వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళ ఇళ్ళలో "ముత్తాతలు సెంట్రల్లో దిగారు" అన్న మాట వింటూంటాం. కాని సెంట్రల్ వచ్చిందే 1873లో. కడప మీదుగా వెళ్ళే రైలు 1871కే రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. అంటే ఆ మధ్య వచ్చినవాళ్ళు దిగింది రాయపురంలోనన్నమాట.

ఈ పేరులో రాయలవారెవరూ లేరు లెండి. తమిళ క్రైస్తవులు సెయింట్ పీటర్‌ని రాయప్పర్ అంటారు, ఆ పేరే.

1856 జూన్ 28న గవర్నర్ లార్డ్ హారిస్ ఈ స్టేషన్ని ప్రారంభించాడు. జూలై 1 నుంచి వాలాజా రోడ్డు దాకా, సుమారు వంద కిలోమీటర్లు, జనం ఎక్కే రైళ్ళు నడిచాయి. బోరీబందరు, హౌరా ఇంతకన్నా ముందువే; కాని వాటి మొదటి కట్టడాలు ఇప్పుడు లేవు. ఇది మాత్రం ఉంది, ఆ పెద్ద పెద్ద స్తంభాలతో సహా. 2005లో బాగుచేశారు. ఇక్కడ పెద్ద టెర్మినల్ కట్టాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. మంచిదే, పాత భవనాన్ని కదపకుండా కడితే.

ఎగ్మూరు స్టేషన్ ఎదుటి ఆర్కైవ్స్‌లో మదరాసు ప్రభుత్వపు పాత కాగితాలున్నాయి. లైన్లు, భూములు, ఖర్చులు అక్కడ వెతుక్కోవచ్చు. మూడో తరగతిలో మూటలతో వచ్చినవాళ్ళ పేర్లు మాత్రం అక్కడ దొరకవు. అవి ఉంటే మన ట్రంకుపెట్టెల్లోనే, పాత దస్తావేజుల్లో, ఉత్తరాల్లో ఉండాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, ఏ ఏడు వచ్చారో, ఏ స్టేషన్లో దిగారో అడిగి ఈ వారమే రాసిపెట్టండి.