పక్కూరి శిలువను చూసి

ఇలా కుంపటి దగ్గరికి జరుగు. ఆ ఫోను అవతల పెట్టు, ఎక్కడికీ పోదు. ఫ్రాన్సుకు పడమటి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన బ్రిటనీ సంగతి చెబుతా.

అక్కడ పాతకాలంలో చర్చి ఆవరణలోనే సమాధులు. చీకటి పడితే వల్లకాటి వైపు తలైనా తిప్పని నీలాంటివాళ్ళు కారు వాళ్ళు. ఆదివారం పూజ కాగానే ఆ సమాధుల మధ్యే ఊసులాడుకునేవారు. నడుమ ఒక రాతి శిలువ. తొలినాళ్ళలో ఉత్త శిలువే. పోనుపోను దాని కింద అరుగు లేపి, ఏసు పుట్టుక మొదలు కథంతా బొమ్మలుగా చెక్కించారు. చదువురానివాళ్ళకు అదే పుస్తకం. అలాంటి పెద్దవాటిలో అన్నిటికన్నా పాతది ట్రోనోయెన్‌లో ఉంది, 1450–1470 నాటిది. అందులో మరియమ్మ అచ్చం మనింటి బాలింతలాగే పడుకుని ఉంటుంది.

అలాంటి బొమ్మలు చెక్కడానికి అక్కడి బ్రెస్ట్ రేవు చుట్టుపక్కల కెర్సాంటన్ అనే నల్లరాయి దొరుకుతుంది. గనిలోంచి తీసిన కొత్తలో ఉలికి లొంగుతుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా! నిన్నూ ఆ వయసులోనే చెక్కాల్సింది, మీ అమ్మ పడనిస్తేనా.

ఎక్కడున్నాం? ఆ, శిలువలు. వాటికి డబ్బు కావాలి కదా. బ్రిటనీలోని లియోన్ సీమ రైతులు అవిసె నారతో బట్ట నేసేవారు. మోర్లే రేవులో ఓడలెక్కి అది ఇంగ్లండుకు పోయేది. చేతిలో నాలుగు డబ్బులాడితే మనిషి ఊరుకుంటాడా? ఆ సీమలోని గిమిలియో ఊరివాళ్ళు 1581 నుంచి 1588 దాకా కూచుని ఇన్నూరు బొమ్మల శిలువ నిలబెట్టారు. పక్కనే ఉన్న సెయింట్ తెగోనెక్ వాళ్ళకు నిద్ర పట్టలేదేమో, 1610లో తమదీ లేపారు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు గానీ, అక్కడ ఏ ఊరికా ఊరు పులే.

గిమిలియో శిలువ మీద కాటెల్ గొలెట్ అనే పిల్ల బొమ్మ ఉంది. నాట్యం పిచ్చిది, చేసిన పాపం దాచి ఒప్పుకోలు చెప్పిందట. దయ్యాలు ఆమెను నరకం నోట్లోకి ఈడుస్తుంటాయి. ఆడపిల్లల్ని అదుపులో పెట్టడానికి ఆ బొమ్మ బాగా పనికొచ్చింది. మరి మగపిల్లల కోసం ఎవరినీ ఈడ్పించలేదేం అని మీ నాయనమ్మ అడిగేది. నేను మజ్జిగ అడిగి మాట మార్చేవాణ్ణి.

అన్నీ గొప్పకు కట్టినవే అనుకోకు. 1598లో ప్లుగస్తెల్ ఊరిని మహమ్మారి ఊడ్చేసింది. అది తగ్గాక మిగిలినవాళ్ళు మొక్కు తీర్చుకుంటూ 1602–1604లో తమ శిలువ కట్టుకున్నారు.

ఇక గెయెన్నో ఊరి ముచ్చట. అక్కడి శిలువ 1550 నాటిది. ఫ్రెంచి విప్లవం వేడిలో 1794లో పగలగొట్టారు. 1853లో జాకో అనే ఫాదరు బాగుచేయిద్దామని శిల్పుల్ని పిలిచాడు. వాళ్ళడిగిన మజూరీ విని ఆయన గుండె గుభేలుమంది. బేరమాడీ ఆడీ విసిగి, చివరికి తన సహాయకుణ్ణి వెంటేసుకుని తానే ఉలి పట్టాడు. కొత్తగా చేరిన బొమ్మలు కాస్త మొరటుగానే ఉంటాయి. పాతవాటి పక్కన ఇట్టే పోల్చుకోవచ్చు. మజూరీ మాత్రం మిగిలింది.