నమూనా డీజిలు ఇంజన్లు: కొలతలలో నిజమెంత?

నమూనా రైలింజను వచ్చే అట్టపెట్టెపై సాధారణంగా 1:87 అనే అంకెలు అచ్చువేసి ఉంటాయి. అసలు ఇంజనులో 87 మిల్లీమీటర్లున్న ప్రతిచోట ఈ నమూనాలో ఒక మిల్లీమీటరు ఉన్నదని దాని అర్థం. ఒక వెర్నియర్ కాలిపర్, కొంత భాగహారం చేతనైన విద్యార్థి ఎవరైనా ఈ మాటను పరీక్షింపవచ్చును. పరీక్షించినవారికి మాత్రం ఒక విచిత్రం కనబడుతుంది. పొడవు సరిపోతుంది, ఎత్తు సరిపోతుంది. చక్రం వెడల్పు చూస్తే దాదాపు రెట్టింపు ఉంటుంది! తయారుచేసినవారికి లెక్క రాక ఇట్లా జరిగిందా? కాదు. దీని వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

జర్మనీలో గోపింగెన్ పట్టణానికి చెందిన మెర్క్లిన్ సంస్థ 1891లో లైప్జిగ్ సంతలో పట్టాలపై నడిచే బొమ్మరైళ్లను ప్రదర్శించినది. పట్టాల నడిమి దూరానికి, అనగా గేజికి, ఆ సంస్థ వరుస అంకెలు పెట్టినది. ఆ వరుసలో చిన్నదిగా తరువాత వచ్చినదే సున్న గేజి, 32 మి.మీ. ఇక్కడ గమనించవలసిన విషయమేమంటే, అప్పుడు నిర్ణయమైనది గేజి మాత్రమే. ఆ పట్టాలమీద నిలిచే ఇంజను అసలుదానిలో ఎన్నో వంతు ఉండాలని ఎవ్వరూ నిర్ణయించలేదు. అందువలన దేశానికొక లెక్క పుట్టినది. ఇంగ్లండువారు అడుగుకు 7 మి.మీ. చొప్పున, అనగా 1:43.5గా కట్టారు. ఐరోపా ఖండంవారు 1:45 అన్నారు. అమెరికావారు అడుగుకు పావు అంగుళం చొప్పున 1:48 తీసుకున్నారు. మూడూ నడిచేది ఒకే పట్టాలమీద. అమెరికావారి లెక్కే చూడండి. 32 మి.మీ. అంటే సుమారు ఒకటింపావు అంగుళం. దానిని 48తో హెచ్చిస్తే 60 అంగుళాలు, సరిగా 5 అడుగులు. అసలు అమెరికా రైలుపట్టాల గేజి 4 అడుగుల 8½ అంగుళాలు. ఇంజను ఎంత నిక్కచ్చిగా కట్టినా అది మూడున్నర అంగుళాలు ఎక్కువ వెడల్పైన దారిమీద నడుస్తున్నదన్నమాట.

1922లో బింగ్ అనే మరొక జర్మను సంస్థ భోజనపు బల్లమీద పట్టేంత చిన్న రైలును ఇంగ్లండు విపణిలోకి తెచ్చినది. దాని గేజి సున్న గేజిలో సగం. ఈ సగం సున్నయే తరువాత స్థిరపడి 16.5 మి.మీ. గేజి, హెచ్.ఓ. స్కేలు అయినది. హెచ్.ఓ.లో అడుగుకు 3.5 మి.మీ., అనగా 1:87.1. ఈసారి లెక్క చక్కగా కుదిరినది. 16.5ను 87.1తో హెచ్చిస్తే 1437 వస్తుంది. అసలు ప్రామాణిక గేజి 1435 మి.మీ. అసలు గేజిలో రెండు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోనక్కరలేదు.

అయినా ఇంగ్లండువారు ఈ సుఖాన్ని నిలుపుకోలేదు. వారి దేశపు ఇంజన్లు అమెరికా, జర్మనీ ఇంజన్లకంటె చిన్నవి. వాటిని 87వ వంతుకు తగ్గిస్తే ఆనాటి మోటార్లు లోపల పట్టవు. అందుచేత ఇంజను శరీరాన్ని అడుగుకు 4 మి.మీ. చొప్పున పెంచి, పట్టాలను మాత్రం 16.5 మి.మీ. దగ్గరనే ఉంచారు. ఆ లెక్కన వారి ఇంజను 1257 మి.మీ. గేజిమీద, అనగా 4 అడుగుల ఒకటిన్నర అంగుళంమీద నడుస్తున్నట్లు. ఎదురుగా నిలబడి చూస్తే కాళ్లు దగ్గరగా పెట్టుకొని నిలుచున్న లావుపాటి మనిషివలె కనబడుతుంది. దీనిని సహించలేనివారు కొందరు 1960లలో 18.83 మి.మీ. గేజి పట్టాలను తామే పరచుకొనడం మొదలుపెట్టారు. మోటారు పట్టడానికై శరీరాన్ని పెంచడమనే ఈ ఉపాయం అమెరికా డీజిలు ఇంజన్లలో మరొక రూపంలో మళ్లీ కనబడుతుంది.

అమెరికాలో అభిరుచిదారులను మొదట బాధించినది రూపం కాదు, నడక. ఒక తయారీదారు చక్రాలు మరొకరి పట్టాలమీద నడిచేవి కావు. 1935లో మిల్వాకీ నగరంలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఏర్పడడానికి ఇదే ముఖ్యకారణం. ఆ సంఘం గేజికి, చక్రాలకు, పట్టాలు చీలేచోట ఉండవలసిన సందులకు ప్రమాణాలు నిర్ణయించినది. వాటిని సరిచూచుకొనడానికి గాళ్లు తీసిన ఒక లోహపు రేకును కూడా అందించినది. ఆ ప్రమాణాలలోనే చక్రం వెడల్పు రహస్యం ఉన్నది. హెచ్.ఓ.లో చిరకాలం వాడుకలో ఉన్న చక్రం వెడల్పు 0.110 అంగుళం. దానిని 87.1తో హెచ్చిస్తే 9½ అంగుళాలు దాటుతుంది. అసలు చక్రం వెడల్పు సుమారు 5½ అంగుళాలే. పట్టాను ఒరుసుకొని చక్రాన్ని దారి తప్పకుండా ఆపే ఫ్లాంజి లోతు నమూనాలో 0.025 అంగుళం, అనగా అసలు లెక్కలో 2 అంగుళాలు మించినది. నిజమైన ఫ్లాంజి అంగుళానికి కొంచెం పైన ఉంటుంది. ఇది తెలియక చేసిన తప్పు కాదు. అసలు ఇంజను బరువు, స్ప్రింగులు, పట్టాల నేర్పైన అమరిక ఇవన్నీ బల్లమీది రైలుకు లేవు. 87వ వంతు ఫ్లాంజితో నడిపితే మొదటి మలుపులోనే అది పట్టా తప్పుతుంది.

ఆ మలుపులు మాత్రం సామాన్యమైనవా! బల్లమీద పరచే వంపులలో 18 అంగుళాల వ్యాసార్ధం చాలా సాధారణం. దీనిని అసలు కొలతకు మార్చితే సుమారు 130 అడుగులు. ప్రధాన రైలుమార్గాలలో వంపుల వ్యాసార్ధాన్ని వేల అడుగులలో లెక్కిస్తారు. అంత ఇరుకు మలుపులో బోగీ బాగా తిరగాలంటే దాని చుట్టూ ఖాళీ ఉండాలి. నమూనాలలో ఇంజనుకు ఇంజనుకు మధ్య ఎడం అసలుకంటె ఎక్కువగా ఉండడానికి కారణమిదే.

ఇక డీజిలు ఇంజన్ల సంగతి. 1939లో జనరల్ మోటార్సువారి ఎఫ్.టి. అనే డీజిలు ఇంజను అమెరికా రైలుమార్గాలపై 83 వేల మైళ్లకు పైగా ప్రదర్శనయాత్ర చేసినది. తరువాత ఇరవై ఏళ్లలో అక్కడ ఆవిరి ఇంజను దాదాపు అంతరించినది. నమూనాల కొలతలను తరచిచూచే అలవాటుకు ఈ మార్పు పదునుపెట్టినది. ఆవిరి ఇంజన్లు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క తీరు. గొట్టాలు, కడ్డీలు, పంపులు చూపును మరల్చుతాయి గనుక చిన్న తేడాలు వాటిలో కలిసిపోతాయి. డీజిలు ఇంజను అట్లా కాదు. ఒకే అచ్చులో వేలకొద్దీ తయారై, ఏ స్టేషనులో చూచినా ఒకే రూపంతో కనబడేది. నున్నని రేకు గోడలలో దాచడానికి చోటు లేదు. స్టేషనులో ప్రతిరోజూ చూచే పిల్లవాడే మొదటి పరీక్షకుడైనాడు.

1949లో వచ్చిన ఎఫ్-7 ఇంజనును తీసుకొని ఈ పరీక్ష ఎట్లా చేస్తారో చూడవచ్చును. డ్రైవరు గది గల ఎఫ్-7 పొడవు 50 అడుగుల 8 అంగుళాలు. అంటే 15,443 మి.మీ. దానిని 87.1తో భాగిస్తే 177.3 మి.మీ. రెండు బోగీల మధ్యబిందువుల దూరం 30 అడుగులు, నమూనాలో 105 మి.మీ. ఒక బోగీలో రెండు ఇరుసుల మధ్య 9 అడుగులు, నమూనాలో 31.5 మి.మీ. అనుభవజ్ఞులు పొడవుకంటె ఈ చివరి రెండు కొలతలనే ఎక్కువగా నమ్ముతారు. పొడవును కప్లింగుల ముఖాలనుండి కొలిచారా, శరీరపు చివరలనుండి కొలిచారా అన్నదానిపై ఫలితం మారిపోతుంది. ఇరుసు స్థానం అట్లా మారదు. పైగా మరొక ఇంజను కొరకు చేసిన బోగీని ఖర్చు తగ్గించుకొనడానికి తగిలించి ఉంటే అక్కడనే బయటపడుతుంది.

ఎఫ్-7 శరీరం ఇంజను పూర్తి వెడల్పున ఉంటుంది గనుక మోటారుకు చోటు చాలినది. చిక్కంతా అదే ఏడాది వచ్చిన జి.పి.-7తోను, దాని తరువాతి జి.పి.-9తోను మొదలైనది. వీటిలో యంత్రాలపై హుడ్ అనే సన్నని పొడుగుపాటి పెట్టె, దాని ఇరుప్రక్కలా నడవడానికి దారి ఉంటాయి. హుడ్ వెడల్పు సుమారు 6 అడుగులు, హెచ్.ఓ.లో 21 మి.మీ. ఇర్విన్ అథర్న్ స్థాపించిన కాలిఫోర్నియా సంస్థ నీలిరంగు పెట్టెలలో చవకగా అమ్మిన ప్లాస్టిక్ ఇంజన్లు లక్షణంగా నడిచేవి. వాటి మోటారు మాత్రం 21 మి.మీ. హుడ్‌లో ఇమడలేదు. సంస్థ హుడ్‌నే వెడల్పు చేసినది. డ్రైవరు గది వెడల్పు మారలేదు గనుక హుడ్ ప్రక్కన ఉండే కిటికీలు సన్నబడినవి. నడిచే దారి ఇరుకైనది. దూరంనుండి చూచినా ఇంజను ఉబ్బినట్లు కనబడేది. తరువాత వచ్చిన జి.పి.-35, ఎస్.డి.-45 నమూనాలలో కూడా ఇదే జరిగినది.

దీనిని మోసమనడం న్యాయం కాదు. విద్యార్థి దాచుకున్న డబ్బుతో కొనగలిగే ధరలో, గంటలకొద్దీ నడిచే ఇంజను ఇవ్వాలంటే ఆనాడు వేరే దారి కష్టమే. జపానులో చేతితో కట్టిన ఇత్తడి ఇంజన్లు కూడా వచ్చేవి. అవి సన్నని పనితనానికి పేరుపొందినవే గాని సామాన్యునికి అందే వెల కాదు. కాని పెట్టెపై స్కేలు అంకె వేసిన తరువాత కొలిచిచూచే హక్కు కొన్నవానికి ఉన్నది. ఓపిక గలవారు వెడల్పైన హుడ్‌ను నిలువునా కోసి, మధ్యలో పేళిక తీసివేసి, మళ్లీ అతికించి సరిచేసుకున్నారు. మిల్వాకీ నుండి 1934 జనవరిలో మొదలైన మోడల్ రైల్‌రోడర్ వంటి పత్రికలు కొత్త నమూనాలను సమీక్షించి, అసలు ఇంజను కొలతలతో పోల్చి చెప్పేవి. సన్నని మోటార్లు వచ్చాక, 1980లలో, సరియైన వెడల్పు హుడ్‌లు మామూలైనవి. ఆ దశకంలో జపానుకు చెందిన కాటో సంస్థ అమెరికా విపణికి చేసిన ఇంజన్లు రూపం, నడక రెండూ కలిసి ఉండవచ్చునని చూపినవి.

కాలిపర్ చెప్పలేని సంగతులు కూడా ఉన్నవి. ఎఫ్-7 ముక్కు అన్ని దిక్కులకూ వంగిన ఉపరితలం. దానికి ఒక కొలత అంటూ లేదు. కొలతలన్నీ సరిపోయి కూడా ముక్కు వాలు కొంచెం తప్పితే ఇంజను ముఖం మారిపోతుంది. మనిషి కన్ను 3 మి.మీ. పొడవు తగ్గినా పసిగట్టదు గాని ముఖంలోని తేడాను వెంటనే పట్టుకుంటుంది. ఛాయాచిత్రంతో పోల్చుదామంటే దగ్గరనుండి తీసిన ఛాయాచిత్రంలో ముక్కు పెద్దదై వెనుకభాగం కుంచించుకుపోతుంది. నమూనాను కూడా అంతే నిష్పత్తి దూరంనుండి చూడాలి. అసలు ఇంజనును 20 మీటర్ల దూరంనుండి తీసిన చిత్రమైతే నమూనాను 23 సెంటీమీటర్ల దూరంనుండి తీసి పోల్చాలి.

కొందరు బరువు సంగతి కూడా అడుగుతారు. పొడవు 87.1 వంతులు తగ్గితే ఘనపరిమాణం దాని ఘనం చొప్పున, అనగా సుమారు 6 లక్షల 60 వేల వంతులు తగ్గుతుంది. ఎఫ్-7 బరువు సుమారు 104 టన్నులు. ఆ లెక్కన నమూనా 158 గ్రాములే ఉండాలి. పట్టాలపై పట్టు కొరకు తయారీదారులు లోపల లోహపు దిమ్మలు పెట్టి అంతకంటె బరువుగా చేస్తారు. స్కేలు తప్పినదని దీనిని మాత్రం ఎవ్వరూ నిందించరు!

మన దేశపు ఇంజను నమూనా కట్టదలచినవారికి గేజి చిక్కు మొదటినుండీ ఉన్నది. 1962లో అమెరికానుండి వచ్చి, 1964నుండి వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్లు కాజీపేట, గుత్తి షెడ్లలో చాలాకాలం ఉండేవి. వాటి చక్రం వ్యాసం 1092 మి.మీ. అంటే హెచ్.ఓ.లో 12.5 మి.మీ. కాని మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. దానిని 87.1తో భాగిస్తే 19.24 మి.మీ. రావాలి. అదే ఇంజనును 16.5 మి.మీ. పట్టాలమీద నిలబెడితే గేజి అసలు లెక్కలో 239 మి.మీ. తగ్గిపోతుంది. పట్టాలు మార్చకుండా నిజం నిలుపుకోవాలంటే ఇంజనునే 1:101.6గా కట్టాలి. అప్పుడు చక్రం 10.75 మి.మీ. అవుతుంది. ఆ చక్రంపై కూడా అదే 0.025 అంగుళం ఫ్లాంజి వాడితే అసలు లెక్కలో దాని లోతు 2½ అంగుళాలు దాటుతుంది.