డిగ్రీ పక్కన ఇంకో కాగితం

మా పిన్ని కూతురు ఇంజనీరింగ్ రెండో ఏడు. పక్కన ఒక డిజిటల్ మీడియా సర్టిఫికెట్ కూడా చేస్తానంటోంది. పిన్నేమో "ఉన్న చదువు చాలదా, మళ్ళీ బొమ్మల కోర్సొకటా?" అని. ఇదంతా గవర్నర్‌పేటలో కంప్యూటర్ సెంటర్ల బోర్డులు లేచాక పుట్టిన సరదా అని ఆవిడ నమ్మకం. నిజానికి కృష్ణా జిల్లాలో ఈ గొడవకి వందేళ్ళు దాటాయి.

1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పూనుకున్నవాళ్ళు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య. వందేమాతరం ఉద్యమం వేడిలో పుట్టిన కాలేజీ అది. ఉత్త పుస్తకాల చదువుతో గుమాస్తాలే తయారవుతారు, చేతిపని కూడా రావాలి అన్నది వాళ్ళ వాదన. అందుకని మగ్గం, వడ్రంగం, వర్క్‌షాపు, చిత్రలేఖనం అన్నీ కాలేజీ లోపలే పెట్టారు. సాయంత్రం పూట పక్క సందులో విడిగా ఫీజు కట్టి నేర్చుకునే పని కాదన్నమాట. ఇప్పటి మన కాలేజీలు చాలావాటికి ఇంత ఆలోచన లేదు, ఏం చేస్తాం.

1920ల్లో ప్రమోద్ కుమార్ చటర్జీ అనే బెంగాలీ చిత్రకారుడు అక్కడికొచ్చి బొమ్మలు నేర్పారు. ఆయన శిష్యుల్లో అడివి బాపిరాజు ఒకరు. ఈయన సంగతి చూడండి. రాజమండ్రిలో బీఏ (అక్కడి ప్రిన్సిపాలు కూల్డ్రే దొరే స్వయంగా బొమ్మలేసేవాడు), మద్రాసులో లా, బందరులో చిత్రలేఖనం. కొన్నాళ్ళు భీమవరంలో ప్లీడరీ కూడా చేశారు. తర్వాత ఆ బందరు కాలేజీకే ప్రిన్సిపాలయ్యారు. 1936లో వచ్చిన 'ధ్రువ విజయం', 'అనసూయ' సినిమాలకి కళాదర్శకత్వం చేశారు. నవలల సంగతి సరేసరి. మన రెజ్యూమె భాషలో చెప్పాలంటే ప్లీడరు డిగ్రీ, పక్కన ఆర్ట్ సర్టిఫికెట్. ఆయన్ని నిలబెట్టింది మాత్రం ఆ 'పక్కన' ఉన్నదే :) బాపు కూడా అంతేగా, 1955లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుని గీతనే నమ్ముకున్నారు.

ఇహ బెజవాడ విషయానికొస్తే, ఏలూరు రోడ్డు పొడుగునా పుస్తకాల షాపులూ ప్రచురణకర్తలూ, పక్కనే గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్లూ. అట్టబొమ్మ వేసేవాడికీ, అక్షరాలు అందంగా రాసేవాడికీ ఇక్కడ ఎప్పుడూ పనుండేది. డీటీపీ వచ్చాక ఆ పని పేజ్‌మేకర్‌లోకీ అను ఫాంట్లలోకీ మారింది. యూజీసీ కూడా 1994-95లో మామూలు డిగ్రీలోకి వృత్తి కోర్సులు తెచ్చింది. 2022లోనైతే ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చంది. కాగితం సంపాదించడం కష్టం కాదిప్పుడు.

నా అనుమానమల్లా ఆ కాగితం దేనిమీద ఇస్తున్నారన్నదే. పేజ్‌మేకర్ కొత్త వెర్షన్లు 2001తో ఆగిపోయాయి. అను ఫాంట్లలో కొట్టిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చాలంటే కన్వర్టర్ కావాలి, ఆ తర్వాత ప్రూఫులు దిద్దే ఓపికా కావాలి. ఒకప్పుడు మల్టీమీడియా అంటే ఫ్లాషే. ఫ్లాష్ ప్లేయర్‌కి 2020 డిసెంబర్ 31న అడోబే మంగళం పాడేసింది. మెనూలు బట్టీ పట్టినవాళ్ళ సర్టిఫికెట్ దాంతోపాటే పోయింది. కదలిక, టైమింగ్, రంగులు తెలిసినవాళ్ళు ఇంకో టూల్‌లోకి వెళ్ళిపోయారు.

అందుకే మా చెల్లికి సిలబస్ తెచ్చి చూపించమన్నాను. చేత్తో బొమ్మ గీయడానికి ఎన్ని గంటలు పెట్టారు? తెలుగు అక్షరం సంగతి ఏమన్నా చెప్తారా? ఫోటోషాప్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకొచ్చి కూర్చోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ని దక్షిణాసియా భాషలకి మార్చుకుంటే సర్దుకునేది. అది మార్చడం రెండు నిమిషాల పనే. కానీ ఒత్తు విరిగిందని ముందు కంటికి తెలియాలి కదా. ఆ కన్ను ఇవ్వగలిగితే పిన్నికి నేనే నచ్చజెప్తాను, ఫీజులో సగం కూడా నేనే కడతాను.